తక్కువ ఆల్కహాలు పేల్ ఏల్‌లో హాప్స్ వేశాక చిక్కదనం ఎందుకు పోతోంది?

పెన్నాతీరం (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నేను రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసే ఒక ల్యాబులో పని చేస్తున్నాను. మా తమ్ముడు ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటాడు. అక్కడ ఇంటి వాడకానికి బీరు కాచుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కరలేదు, అమ్మకూడదంతే. పొయ్యి, పాత్రలు, రుచి చూడడం వాడివి. నీటి లెక్కలు, గ్రావిటీ (నీటితో పోలిస్తే బీరు సాంద్రత, అందులో ఎంత చక్కెర మిగిలిందో చెప్పే కొలత) లెక్కలు ఫోనులో నావి. ఈ పంపకంలో లాభం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

వాడికి కావలసింది మూడు శాతం లోపు ఆల్కహాలుతో, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన ముందుకు వచ్చే పేల్ ఏల్ (లేత రంగు బీరు). అయితే అది నోట్లో నీళ్ళలా జారిపోకూడదు. పది లీటర్లకు మారిస్ ఆటర్ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) 1.15 కిలోలు, ఓట్స్ అటుకులు 200 గ్రాములు, గోధుమ మాల్టు 150 గ్రాములు, లేత క్రిస్టల్ మాల్టు 100 గ్రాములు తీసుకుని, చిక్కదనం నిలవాలని 70 డిగ్రీల దగ్గర గంటసేపు మాష్ చేయించాను, అంటే గింజలను వేడి నీళ్ళలో నానబెట్టించాను. ఈస్టు విండ్సర్ అనే రకం. గ్రావిటీ 1.034 నుంచి 1.013కి దిగి అక్కడ ఆగింది. అప్పుడు రుచి చూస్తే నిండుగానే ఉందని చెప్పాడు. ఆ తర్వాత 20 డిగ్రీల గదిలోనే సిట్రా, మొజాయిక్ రకాల హాప్స్ కలిపి 80 గ్రాములు డ్రై హాప్ వేశాడు, అంటే మరిగించకుండా నేరుగా బీరులోనే. వారం తిరిగేసరికి గ్రావిటీ 1.009కి పడిపోయింది, బీరు పలచబడింది, నాలుక మీద గరుకు చేదు మిగిలింది.

ఆగిన ఈస్టు మళ్ళీ ఎందుకు కదిలింది? మాల్టోడెక్స్‌ట్రిన్ పొడి (ఈస్టు తినలేని పిండిపదార్థం) కలిపితే చిక్కదనం తిరిగి వస్తుందా? నీళ్ళలో మార్చవలసింది ఏమైనా ఉందా? అక్కడి నీరు మెత్తనిది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కాల్షియం కార్బొనేటు లెక్కలో 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటదు, సల్ఫేటు, క్లోరైడు రెండూ తక్కువే.

మన్నేరు (సింగరాయకొండ):

పెన్నాతీరం గారూ, విండ్సర్ ఈస్టు మాల్టోట్రయోజ్ అనే మూడు గ్లూకోజుల చక్కెరను తినలేదు కనుక గ్రావిటీ ఎత్తులో ఆగడం సహజమే. నా అనుమానం ఏమిటంటే, 1.013 దగ్గర అది పూర్తిగా ఆగి ఉండదు. హాప్స్ వేసేటప్పుడు కదిలించడంతో అడుగున ఉన్న ఈస్టు లేచి మిగిలిన పని ముగించి ఉంటుంది. మాష్ ఇంకో రెండు డిగ్రీలు పెంచి, మాల్టోడెక్స్‌ట్రిన్ 200 గ్రాములు కలిపి చూడవచ్చు.

నాకూ రెండు సందేహాలున్నాయి. మన నెల్లూరు బియ్యం గాని, మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు గాని ఇందులో వేస్తే చిక్కదనం వస్తుందా? ఇదంతా ఇక్కడ ఇంట్లో చేసుకోవడానికి వీలుంటుందా?

గుండ్లకమ్మ (ఒంగోలు):

చివరి సందేహానికి ముందు జవాబు చెబుతాను. వీలుండదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. ఇంటి కోసమైనా, ఐదు లీటర్లైనా అంతే. కాబట్టి పెన్నాతీరం గారి పద్ధతే మేలు, లెక్క ఇక్కడ, పొయ్యి అక్కడ.

ఇక అసలు విషయం. నేను కొంతకాలం బెంగళూరులో ఒక బ్రూపబ్బులో బీరు కాచే పని చేశాను. మీరు వర్ణించిన లక్షణాలు ఈస్టు కన్నా హాప్స్‌నే ఎక్కువగా పట్టిస్తున్నాయి. హాప్ పువ్వుల్లో వాసన నూనెలు, చేదు రెసిన్లతో పాటు పిండిపదార్థాలను కోసే ఎంజైములు కూడా కొద్దిగా ఉంటాయి. మరిగే వోర్ట్‌లో (మాష్ నుంచి వడకట్టిన తీపి రసంలో) వేస్తే ఆ వేడికి అవి చచ్చిపోతాయి గాని, చల్లని బీరులో డ్రై హాప్‌గా వేసినప్పుడు బతికే ఉండి, మీరు 70 డిగ్రీల దగ్గర శ్రమపడి నిలుపుకున్న, ఈస్టు తినలేని పొడుగు చక్కెర గొలుసులైన డెక్స్‌ట్రిన్లను ముక్కలు చేస్తాయి. గంజిలో ఉమ్మి కలిస్తే పలచబడినట్లే ఇది కూడా. రెండు చోట్లా పనిచేసేది ఒకే జాతి ఎంజైము. ఆ ముక్కలు గ్లూకోజు, మాల్టోజు రూపంలో బయటికి వస్తాయి కనుక, మాల్టోట్రయోజ్‌ను ముట్టని విండ్సర్ కూడా వాటిని హాయిగా తినేస్తుంది. దీనిని హాప్ క్రీప్ అంటారు. ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1893లోనే దీని గురించి రాశారు; లీటరుకు గ్రాముల కొద్దీ డ్రై హాప్ వేసే బీర్లు పెరిగాక గాని జనం మళ్ళీ దాని జోలికి పోలేదు.

మన్నేరు గారి అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయను, పరీక్షించి చూడవచ్చు. ఈసారి గ్రావిటీ ఆగిన తర్వాత, డ్రై హాప్ వేయకముందే, రెండు శుభ్రమైన సీసాల్లోకి కొంత కొంత బీరు తీసి, ఒకదానిలో మాత్రం హాప్స్ వేసి, రెండింటికీ మూత వదులుగా పెట్టి ఒకే వెచ్చని చోట ఉంచమనండి. హాప్స్ ఉన్నది మాత్రమే దిగితే తప్పు హాప్స్‌ది. రెండూ దిగితే ఈస్టు పని మిగిలి ఉందని గాని, డెక్స్‌ట్రిన్లను తినే అడవి ఈస్టు ఏదో చేరిందని గాని అర్థం; అప్పుడు గొట్టాలు, కుళాయిలు విప్పి కడగవలసి ఉంటుంది.

మాల్టోడెక్స్‌ట్రిన్ కలపమనే సలహాతో మాత్రం ఏకీభవించలేను. అది కూడా డెక్స్‌ట్రినే కనుక, అంత డ్రై హాప్ వేసే బీరులో దానిని కలపడం ఆ ఎంజైములకు మేత వేయడమే అవుతుంది. చిక్కదనాన్ని అవి కోయలేని పదార్థాల మీద నిలబెట్టాలి. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్‌ను, గోధుమల్లోని ప్రోటీన్‌ను ఆ ఎంజైములు ముట్టవు. బార్లీలో బీటా గ్లూకాన్‌ను కోసే ఎంజైము 70 డిగ్రీల దగ్గర త్వరగా చచ్చిపోతుంది గనుక, మీ మాష్ వేడి ఓట్స్‌కు కూడా మేలే చేస్తోంది. ఓట్స్‌ను 250కి, గోధుమ మాల్టును 250కి పెంచి, మారిస్ ఆటర్‌ను ఒక కిలోకు తగ్గించి చూడండి. వడకట్టేటప్పుడు గంజిలా బిగుసుకోకుండా గుప్పెడు వరిపొట్టు కలపమనండి. మన బియ్యానికి ఈ వంటలో ఆ పొట్టు పాత్రే సరిపోతుంది. బియ్యం వేస్తే చక్కెర వస్తుంది, ప్రోటీన్ రాదు, బీరు ఇంకా పలచనవుతుంది. అమెరికాలో తేలికపాటి లాగర్లలో బియ్యం వేసేది అందుకే. రాగులు రుచికి బాగుంటాయేమో గాని, చిక్కదనం విషయంలో ఓట్స్‌కు సాటి రావు.

హాప్స్ తూకం కూడా మార్చాలి. మూడు శాతం లోపు బీరుకు లీటరుకు 8 గ్రాముల డ్రై హాప్ ఎక్కువ. ఆసరాగా ఆల్కహాలు, తీపి లేనప్పుడు హాప్స్‌లోని పాలీఫినాల్స్ (వగరు పదార్థాలు) గరుకుగా తెలుస్తాయి. పొయ్యి కట్టేసి, వోర్ట్ 78 డిగ్రీలకు దిగాక 50 గ్రాములు వేసి ఇరవై నిమిషాలు ఉంచమనండి; ఆ వేడిలో వాసన చాలావరకు దిగుతుంది, చేదు తక్కువ దిగుతుంది, ఎంజైములు చాలావరకు నశిస్తాయి. చల్లని బీరులోకి 30 గ్రాములు చాలు. మొత్తం చేదు 20 నుంచి 25 ఐబీయూ (చేదు కొలమానం) మధ్య ఉంటే ఈ గ్రావిటీకి సరిపోతుంది.

కావలి కాలువ (కావలి):

గుండ్లకమ్మ గారు గరుకు చేదు గురించి చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. డ్రై హాప్ వేస్తే బీరు పీహెచ్ కొద్దిగా పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అదే చేదు ఇంకా మొరటుగా తోస్తుంది. తక్కువ మాల్టుతో కాచే బీరులో నీటి పీహెచ్‌ను దించే శక్తి కూడా తక్కువ కనుక, మాష్ దగ్గరే 5.3 దాకా దించి, చివరికి బీరు 4.4 దగ్గర ఉండేలా చూసుకోవడం మంచిది. కొద్దిగా లాక్టిక్ ఆమ్లం చాలు. గింజలను కడిగే నీరు మరీ వేడిగా గాని, ఎక్కువగా గాని పోస్తే పొట్టులోని టానిన్లు దిగుతాయి; ఇంత తక్కువ మాల్టుకు అసలు కడగకుండా, నీళ్ళన్నీ ఒకేసారి మాష్‌లో పోయడమే నయం.

పెన్నాతీరం (నెల్లూరు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేము గుంటల నీటిలో ఆల్కలినిటీ ఎప్పుడు పడిపోతుందా అని కాపలా కాస్తాము, ఇక్కడ దానిని కావాలని దించడం నాకు వింతగా ఉంది.

నీటి లెక్క ఇలా వేశాను. మొత్తం నీరు 14 లీటర్లు. క్లోరైడు చిక్కదనాన్ని, సల్ఫేటు పొడిచే చేదును ముందుకు తెస్తాయని చదివాను కనుక, క్లోరైడు 100 పీపీఎం, సల్ఫేటు 50 పీపీఎం పెరిగేలా కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు 2.9 గ్రాములు, జిప్సం 1.25 గ్రాములు వస్తున్నాయి.

ఇంకో ప్రశ్న మిగిలింది. వాడు బీరును సీసాల్లో పోసి, చక్కెర వేసి గది వేడిలోనే ఉంచుతాడు. చల్లగా, 10 డిగ్రీల దగ్గర రెండు రోజులే డ్రై హాప్ వేస్తే ఎంజైములు పనిచేయవు కదా? అప్పుడు 1.013 అలాగే నిలుస్తుందా?

గుండ్లకమ్మ (ఒంగోలు):

మీ నీటి లెక్క సరిగ్గా ఉంది. సల్ఫేటును ఇంకా పెంచకండి.

సీసాల విషయంలో జాగ్రత్త అవసరం. చల్లదనం ఎంజైమును నెమ్మది చేస్తుంది, చంపదు. అది బీరులో కరిగి ఉండి, హాప్స్ వడకట్టిన తర్వాత కూడా సీసాలోకి వెళుతుంది. సీసాను గది వేడిలో పెట్టగానే పని మొదలుపెడుతుంది, పక్కనే ఈస్టు కూడా ఉంటుంది. గ్రావిటీ ఒక్క పాయింటు (0.001) దిగితే సుమారు అర వాల్యూము (బీరు పరిమాణంలో సగం) కార్బన్ డయాక్సైడు పుడుతుంది. మీకు దిగినట్లు నాలుగు పాయింట్లు సీసాలో దిగితే, చక్కెర వల్ల వచ్చే 2.2 వాల్యూములకు మరో రెండు కలిసి నాలుగు దాటుతుంది. మామూలు బీరు సీసా పగలవచ్చు. చల్లని డ్రై హాప్ పద్ధతి కెగ్గులో (లోహపు పీపాలో) పోసి చివరిదాకా ఫ్రిజ్జులో ఉంచేవారికి సరిపోతుంది.

మీ తమ్ముడు దీనికి వ్యతిరేక దిశలో వెళ్ళాలి. 1.013ను కాపాడే ఆశ వదులుకుని, ఆ 30 గ్రాములను వెచ్చగానే, ఈస్టు ఇంకా చురుకుగా ఉండగా, గ్రావిటీ 1.016 ప్రాంతంలో ఉన్నప్పుడు వేయమనండి. క్రీప్ అంతా ఫెర్మెంటరులోనే (బీరు పులిసే పాత్రలోనే) జరిగిపోవాలి. వెన్న వాసన ఏదైనా పుట్టినా అదే ఈస్టు దానిని శుభ్రం చేస్తుంది. మూడు రోజుల ఎడంతో తీసిన రెండు కొలతలు ఒక్కటిగా ఉంటేనే సీసాల్లో పోయాలి. హాప్స్ తగ్గించారు కనుక అది 1.011 దగ్గర ఆగుతుందని నా అంచనా. మొదటి గ్రావిటీని 1.032కు దించితే ఆల్కహాలు 2.8 శాతం దగ్గరే ఉంటుంది. పోయిన రెండు పాయింట్ల లోటును ఓట్స్, గోధుమ, క్లోరైడు చాలావరకు పూడుస్తాయి. గ్యాసు కూడా రెండు వాల్యూములకు మించనీయకండి, ఎక్కువైతే పలచని బీరు మరీ పలచగా తోస్తుంది.

ప్రతి విడతలోనూ ఒక ప్లాస్టిక్ సోడా సీసాను కూడా నింపి మిగతావాటి పక్కన ఉంచమనండి. అది నొక్కితే లొంగనంత గట్టిపడిన రోజున అన్నింటినీ ఫ్రిజ్జులోకి మార్చాలి.