కిరాయి ఇంట్ల దసరాకు కాగితం తోరణాలు: గోడ ఖరాబు కాకుండ ఎట్ల కట్టాలె?

కిషన్‌పుర అమ్మ:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. పెద్దోడు మూడో తరగతి, చిన్నది ఎల్‌కేజీ. సెలవులిచ్చిన్రు, ఇద్దరు ఇంట్లనే. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఏదన్న చేతిల పెట్టకపోతే ఫోను గుంజుకుంటరు.

పోయినేడు మెరుపుల చార్టులు తెచ్చి, కత్తిరిచ్చి, డబుల్ టేపుతోని గోడకు అంటించినం. చేసిందంత నేనే, పిల్లలు చూసిన్రు. పండుగ అయినంక టేపు పీకితే సున్నం అప్పడాల లెక్క లేచొచ్చింది. ఓనరమ్మ మూడు రోజులు మాట్లాడలే, ఆఖరికి రంగు పైసలు అడిగింది. ఇచ్చిన. గొలుసు ఒకటి ఫ్యాను గాలికి తెగి పప్పు గిన్నెల పడ్డది, అది వేరే కథ.

ఈసారి మొల కొట్టొద్దు, గోడకు టేపు వద్దు, ఖర్చు నూరు రూపాయలు దాటొద్దు. చిన్నది కూడ సొంతంగ చేసేటియి చెప్పుండ్రి. కాగితం పూలతోని చిన్న బతుకమ్మ పేరుద్దామంటే అత్తమ్మ ఒప్పుకుంటలేదు. “తంగేడు, గునుగు బయట అంత పూసి ఉంటే కాగితాలేంది” అంటది.

చౌరస్తా బిజీ:
అక్కా, ఎందుకు ఇంత తిప్పలు? వరంగల్ చౌరస్తాల రెడీమేడ్ తోరణాలు దొరుకుతయి. తెచ్చి కట్టుడే.

కిషన్‌పుర అమ్మ:
తోరణం పది నిమిషాలల్ల కడుత తమ్మీ. మిగిలిన తొమ్మిది రోజులు వీళ్లను నువ్వు పట్టుకుంటవా?

పరకాల టీచరమ్మ:
బిడ్డా, ముప్పై ఏండ్లు ఒకటి రెండు తరగతుల పోరలతోని కాగితాలు కత్తిరిపిచ్చిన. మెరుపుల చార్టు ముట్టకు. దళసరిగ ఉంటది, మడిచినకాడ పగులుతది, చిన్న చేతులకు కత్తెర సాగదు.

ముందుగాల చిన్నదాని పని. కత్తెర ఇయ్యకు, పాత పేపరు ఇయ్యి. న్యూస్‌పేపరు పైనుంచి కిందికి చింపితే తిన్నగ చినుగుతది, అడ్డంగ చింపితే వంకర పోతది. కాగితంల నార పోయిన దిక్కు అట్ల ఉంటది. ఇది నువ్వు చెప్పకు, దానికే దొరుకనియ్యి. రెండు వంకరలు పోయినంక మూడోది తిన్నగ చింపి నీకు చూపిస్తది. ఆ పట్టీలకు పసుపు నీళ్లు పూసి నీడకు ఆరెయ్యి.

పెద్దోడికి గొలుసు లెక్క అప్పజెప్పు. రంగు ఏ4 కాగితం పొట్టి దిక్కు 21 సెంటీమీటర్లు ఉంటది. 3 సెంటీమీటర్ల వెడల్పు పెట్టి అడ్డంగ కోస్తే ఒక కాగితానికి 9 పట్టీలు వస్తయి. కొసలు వేలు మందం ఒకదాని మీద ఒకటి పెట్టి అంటిస్తే రింగు అడ్డం 6 సెంటీమీటర్లు. 12 ఫీట్ల గదికి సుమారు 60 రింగులు కావాలె, అంటే 7 కాగితాలు. వాడినే గుణించమను. వానికి లెక్కలంటే విసుగున్నా, తన గొలుసు పొడుగు ఎంతొస్తదో తెలుసుకునేటందుకు చేస్తడు.

గమ్ము కొనకు, లై వండు. రెండు చెంచాల మైదా, ముందు చల్లటి నీళ్లతోని ఉండలు లేకుండ కలుపు, తర్వాత గిలాసెడు వేడి నీళ్లు పోసి సన్నమంట మీద కలుపుతనే ఉండు. తెల్లదనం పోయి అద్దం లెక్క మెరిస్తే దించు. రెండు రోజులు ఆగుతది, తర్వాత పులిసిన వాసన వస్తది, పారబొయ్యాలె. పుస్తకాలు కుట్టేటోళ్లు పురుగు పట్టకుండ లైల మైలుతుత్తం కలుపుతరు. అది విషం, పిల్లలున్న ఇంట్ల ముచ్చటే వద్దు. చేర్యాల మాస్కులు చేసేటోళ్లు చింతగింజల జిగురు వాడుతరు, గట్టిగ పడుతది గాని ఆ గింజలు నానబెట్టి నూరుడు నీ వల్ల కాదు.

అత్తమ్మ మాట ఖరారే. పూల బతుకమ్మ పూలతోనే పేర్చుండ్రి. పిల్లలతోని కాగితం గునుగు దర్వాజకు చేపియ్యి. బెత్తెడు వెడల్పు తెల్ల పట్టీకి ఒక అంచున రెండు వేళ్ల మందం వదిలి, మిగిలినదంత దగ్గర దగ్గరగ గాట్లు పెట్టాలె. చీపురు పుల్ల చుట్టు ఏటవాలుగ చుట్టి లై పూస్తే కుచ్చు నిలబడుతది. అసలు గునుగు కొసలకు రంగు అద్దినట్టే దీనికీ అద్దుండ్రి. అత్తమ్మనే అద్దమను.

ఇంక తోరణం. వరంగల్ ఖిలాల కాకతీయుల రాతి తోరణాలు నాలుగు దిక్కులకు నాలుగున్నయి గద, తెలంగాణ రాష్ట్ర ముద్రల కూడ ఆ తోరణం ఉన్నది. పెద్దోణ్ణి తీస్కపోయి చూపియ్యి, పైన హంసలున్నయో లేదో చూడమను. ఇంటికొచ్చి కాగితం నడిమిట్ల మడిచి, ఒక దిక్కు స్తంభం, సగం దూలం, మీద ఒక హంస గియ్యాలె. మడత దిక్కు దూలం తెగొద్దు. విప్పితే రెండు హంసలు వస్తయి.

కట్టుడు: కర్టెన్ రాడ్డు నుంచి కిటికీ చువ్వల దాకా దారం గుంజి కట్టు, గోడ ముట్టకు. ఫ్యాను గాలి తగిలే చోట వద్దు. దీపం పెట్టే గూటి పక్కన అసలే వద్దు, కాగితం ఎంతసేపట్ల అంటుకుంటదో నీకు తెలుసు.

కొత్తవాడ జంపఖానా:
దారం కొనకు వదినా. మా దిక్కు జంపఖానాలు నేసే ఇండ్లల్ల రంగు నూలు ముక్కలు మిగులుతయి, అడిగితే ఇస్తరు. దారమే రంగు రంగులుంటే గొలుసు పలుచగ చేసినా నిండుగ కనపడుతది. సుతిలి మాత్రం వాడకు, దాని నూగుకు పల్చటి కాగితం చిరుగుతది.

కిషన్‌పుర అమ్మ:
టీచరమ్మా, అయినకాడికి చెప్త. గొలుసు 54 రింగులే అయింది, మావోడు ఒక కాగితం మీద క్రికెట్ స్కోరు రాసుకున్నడు. గునుగులు పద్దెనిమిది, అత్తమ్మ కుంకుమ నీళ్లల్ల అద్ది “నాలుగు మాత్రం నిజం గునుగు లెక్క ఉన్నయి” అన్నది. ఆమె నోట్ల నుంచి అది పెద్ద మెప్పు.

తోరణం కాడ మాత్రం తప్పు జరిగింది. అన్న చేసింది చూసి చిన్నది నాకూ కావాలని ఏడ్సింది. గుండు మొన కత్తెర ఇచ్చి పక్కన కూసున్న, ఫోను మోగితే అటు తిరిగిన. మడతనే కత్తిరిచ్చింది! తోరణం రెండు ముక్కలు. మళ్ల ఏడుపు మొదలుపెట్టంగనే వాళ్లన్న ఒక ముక్క తలుపు ఈ రెక్కకు, ఇంకొకటి ఆ రెక్కకు దారంతోని కట్టిండు. తలుపు తెరిస్తే హంసలు రెండు దిక్కులు పోతయి, మూస్తే ఎదురెదురు వస్తయి. పొద్దటి సంది తలుపు మూసుడు తీసుడు, ఓనరమ్మ కిందినుంచి రెండు సార్లు అరిసింది.

ఇంకొకటి, లై గిన్నె కడుగుడు మర్సిపోయిన, రాయి లెక్క గట్టిపడ్డది. ఎట్ల పోతది?

పరకాల టీచరమ్మ:
నీళ్లు పోసి రాత్రంత నానబెట్టు. పొద్దుగాల పొర లెక్క దానంతట అదే లేస్తది. స్టీలు పీచు పెట్టి గీకకు.