గ్రూప్‌ల అందరిదీ ఒక్కటే మాట, చాయ్ కాడ వేరే మాట. ఏం చేయాలె?

నమస్తే అందరికి. హన్మకొండల మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌ల 200 మంది దాక ఉన్నం, నేను అడ్మిన్‌ని (ఎవ్వరు ఒప్పుకోకపోతే నా నెత్తిన పెట్టిన్రు). 2024 నవంబర్‌ల పూడిక తీస్తందుకు భద్రకాళి చెరువు ఖాళీ చేసిన్రు కదా, అప్పటిసంది చూస్తున్న, ఆ పని మీద పొద్దుగాల మొదలు నలుగురు ఏమంటె మిగిలినోళ్లంత దానికే చప్పట్లు, అడ్డం మాట్లాడితే నువ్వు ఏ పార్టీవోనివి అంటరు. మొన్న నక్కలగుట్ట కాడ చాయ్ తాగుతుంటె గ్రూపోళ్లే ముగ్గురు కలిసిన్రు, ముగ్గురియి మూడు తీర్ల మాటలు! గ్రూప్‌ల ఎందుకు చెప్పలేదే అంటె "ఎందుకన్నా లొల్లి" అన్నరు. పోల్ పెడితే ఎవరు దేనికి ఓటేసిన్రో పేర్లు కనబడుతున్నయి, మొదటి పది ఓట్లు ఎటు పోతే మిగతాయి గూడ అటే. ఏమన్న ఉపాయం చెప్పుండ్రి.

కాజీపేట పోరడు:
సింపుల్ అన్నా, అవతలి పార్టోళ్ల పోస్టులు గూడ రోజు రెండు గ్రూప్‌ల ఎయ్యి. రెండు దిక్కులు చూస్తే వాళ్లే మారుతరు.

మడికొండ మాస్టర్:
తమ్మీ, అది అమెరికాల చేసి చూసిన్రు. ట్విట్టర్ వాడేటోళ్లకు పైసలిచ్చి నెల రోజులు అవతలి పక్షం మాటలు పెట్టే అకౌంట్‌ను ఫాలో అవ్వమన్నరు, 2018ల ఫలితం వచ్చింది, అక్కడి రిపబ్లికన్ పార్టోళ్లు ఇంకింత గట్టిగ తమ దిక్కే జరిగిన్రు. అవతలోని కూతలు చూపిస్తే మనిషి మారడు, కోపానికొస్తడు.
నాకు నచ్చింది తైవానోళ్ల పద్ధతి. 2015ల ఉబర్ పంచాయితీ వస్తే పోలిస్ (Pol.is) అనే వెబ్‌సైట్‌ల జనంతోనే మాట్లాడిపిచ్చిన్రు. ఎవరన్న చిన్న వాక్యం రాయొచ్చు, మిగతోళ్లు ఔను, కాదు, తెల్వదు అని నొక్కాలె, అంతే. రిప్లై బటనే లేదు! తిట్టుకునే జాగనే లేదు. ఉబర్ కావాలన్నోళ్లు, వద్దన్నోళ్లు ఇద్దరు గూడ ప్రయాణికులకు ఇన్సూరెన్స్ ఉండాలె అన్నరు, అసలు మాట అక్కడ్నుంచి మొదలైంది. నువ్వు గూగుల్ ఫామ్‌తోని గట్లనే చేయొచ్చు. పేరు, ఈమెయిల్ అడగకు, మొదలు ఒక్కొక్కల దగ్గర పర్సనల్‌గ వాక్యాలు తీస్కో, అందరు నింపేదాక ఫలితం చూపియ్యకు.

కాలనీ అక్క:
నాది ఒక ప్రశ్న. మీ 200 మందిల ఆడోళ్లెంతమంది? మా గ్రూప్‌ల ఇంటికో నంబరు, అది గూడ ఇంటాయనదే. చెరువు వాసన పొద్దంత పీల్చింది ఇంట్ల ఉన్న మేము, మాట్లాడేది సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చినోళ్లు.

పోస్ట్ పెట్టిన నేనే:
అక్కా, చూసిన. 19 మంది. నాకే సిగ్గనిపించింది. మా ఇంటామె నంబరే లేదు.
అప్డేట్: ఫామ్ ఇంటికి ఇద్దరికి పంపిన, 83 మంది నింపిన్రు. పూడిక తీసుడు మీద సగం సగమే, గాని మట్టి లారీలకు పట్ట కప్పాలె అన్నదానికి ఇద్దరు తప్ప అంత ఔనే! ఆరు నెలలు కొట్లాడినం, గీ మాట ఒక్కలన్న అనలె. ఇగ లింక్ పెట్టంగనే ఒకాయన "ఇది ఏ పార్టీ ఫామ్" అని అడిగిండు, ఆయన గూడ నింపిండు అనుకుంట.