అప్‌డేట్: పర్లాకిమిడి పిల్లల సీయూఈటీ ఇంగ్లీష్ ప్రిపరేషన్

ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే మా ప్లస్ టూ పిల్లలు సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష) ఇంగ్లీష్‌లో గ్రామర్ బాగానే చేస్తున్నా, ప్యాసేజ్‌ల దగ్గర టైమ్ చాలక ఆగిపోతున్నారని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. ముందు ప్రశ్నలు చదివించి, ఆ తర్వాతే ప్యాసేజ్‌లోకి పంపమని మీరు చెప్పారు. బాగా పనిచేసింది, అందరికీ థ్యాంక్స్.

2025 పద్ధతిలో 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు, అన్నీ చేయాల్సిందే. పరీక్ష కంప్యూటర్ మీద. అందుకే ప్యాసేజ్‌లు కాగితం మీద కాకుండా స్క్రీన్ మీదే చదివిస్తున్నాను. ఒక్కో పేరాకు రెండు మాటలు రఫ్ షీట్‌లో రాసుకోవాలి, తెలుగులో రాసినా సరే. ఒకమ్మాయి తేనెటీగల ప్యాసేజ్‌కి ‘పురుగుమందు, నష్టం’ అని రాసుకుని మెయిన్ ఐడియా ప్రశ్నకు చకచకా జవాబు పెట్టేసింది. చాలా ముచ్చటేసింది. వాక్యాలను వరసలో పెట్టే ప్రశ్నల్లో ‘హి’, ‘దిస్’ లాంటి మాటతో మొదలయ్యేది సాధారణంగా మొదటి వాక్యం కాదని చెప్పాక తికమక తగ్గింది.

నెగటివ్ మార్కుల టెన్షన్ మాత్రం ఇంకా వదల్లేదు. ఒప్పుకు 5, తప్పుకు మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే, ఖాళీగా వదలడం కన్నా ఒకటి పెట్టడమే లాభమని బోర్డు మీద లెక్క వేసి చూపిస్తున్నాను.

కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వస్తే వీళ్లు మరీ దూరం పోనక్కర్లేదు. ఇక కథల ప్యాసేజ్‌లు మిగిలాయి. వాటిని ఎలా చదివించాలో తెలిసినవాళ్లు చెప్పండి.