మాత్రలు, ఇంజెక్షన్లు కుదరని వాళ్లు క్లస్టర్ తలనొప్పిని ఎలా తట్టుకుంటున్నారు?

నిద్రలేని_కన్ను

కుడి కంటి వెనక నొప్పి. పడుకున్న గంటన్నరకి, దాదాపు గడియారం పెట్టినట్టు, లేపేస్తుంది. కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, అదే వైపు ముక్కు మూసుకుపోతుంది, రెప్ప సగం వాలిపోతుంది. ముప్పావు గంటకో గంటకో దానంతటదే ఆగిపోతుంది, పొద్దున చూస్తే మామూలు మనిషిని. అందుకే ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఎంఆర్ఐ నార్మల్, న్యూరాలజిస్ట్ క్లస్టరే అని ఖాయం చేశారు. దాడులు రాకుండా రోజూ వేసే వెరాపమిల్ మాత్ర మొదలుపెడితే గుండె వేగం బాగా పడిపోయింది, ఆపేయమన్నారు. గుండె రక్తనాళాల్లో సమస్య ఉంది కాబట్టి నొప్పి వచ్చినప్పుడు ఆపే సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ నాకు పనికిరాదట. ఇక మిగిలిందేంటో అర్థం కావట్లేదు. మందులు లేకుండా ఈ నెలలు ఎలా దాటిస్తున్నారో చెప్పండి. టెన్షన్ తగ్గించుకోమని మాత్రం దయచేసి చెప్పొద్దు, ఇంట్లో అందరూ రోజూ అదే చెబుతున్నారు.

పాత_సిలిండర్

ఆక్సిజన్ గురించి మీ డాక్టర్ ఏమన్నారు? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. చాలా ఏళ్లుగా నన్ను నిలబెడుతున్నది అదే, గుండె జబ్బు వల్ల సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు కుదరని వాళ్లకి మొదట ఆలోచించాల్సింది కూడా అదే. 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు 15 నిమిషాల్లో 78 శాతం దాడుల్లో నొప్పి పోయింది, లేదా చాలినంత తగ్గింది. మామూలు గాలి ఇచ్చినప్పుడు ఆ లెక్క 20 శాతమే.

కానీ చాలామంది "వాడి చూశాం, పనిచేయలేదు" అంటారు. ఎలా వాడారని అడిగితే ముక్కులో పెట్టే సన్నటి ట్యూబుతో రెండు మూడు లీటర్లు అంటారు. అలా అయితే ఎప్పటికీ పనిచేయదు. కింద సంచి వేలాడే నాన్ రీబ్రీదర్ మాస్క్ కావాలి, రెగ్యులేటర్ కనీసం 12, వీలైతే 15 లీటర్ల దాకా తిరగాలి. ముందు సంచి నిండనివ్వండి, తర్వాత మాస్క్‌ని చేత్తో ముఖానికి నొక్కిపట్టి, కూర్చుని కొంచెం ముందుకు వంగి, 15 నుంచి 20 నిమిషాలు పీల్చండి. పీల్చినప్పుడల్లా సంచి కొద్దిగా కుంచించుకుపోతుంటే మాస్క్ సరిగ్గా అంటుకుందని అర్థం, కదలకపోతే పక్కల నుంచి గదిలో గాలి పీలుస్తున్నారన్నమాట. ఇంకొకటి, నొప్పి ముదిరాక మొదలుపెడితే సగం ఫలితమే. కన్ను బరువెక్కడం తెలియగానే వాల్వ్ తిప్పాలి.

ఇదీ డాక్టర్ చీటీ మీద తీసుకోవాల్సిందే. సీఓపీడీ లాంటి ఊపిరితిత్తుల జబ్బుంటే ఇంత ఆక్సిజన్ ప్రమాదం. ఆ గదిలో సిగరెట్, దీపం, స్టవ్ ఏదీ ఉండకూడదు.

మధ్యాహ్నం_కునుకు

ఆక్సిజన్ ఆయన చెప్పేశారు కాబట్టి నేను దాని జోలికి పోను. గుండె సమస్య అన్నారు కదా, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్ గానీ, రోజూ వేసుకునే నైట్రేట్ మాత్ర గానీ మీకు రాశారా? క్లస్టర్ నడుస్తున్న రోజుల్లో అవి దాడిని రప్పిస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకా పెద్ద ప్రమాదం, కానీ కార్డియాలజిస్ట్, న్యూరాలజిస్ట్ ఇద్దరికీ ఈ సంగతి ఒకేసారి తెలియాలి. ఎవరి చీటీ వాళ్లే చూసుకుంటే మధ్యలో నలిగేది మనమే.

మద్యం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ సీజన్‌లో ఒక్క గుక్కకే గంటలోపు దాడి వచ్చేవాళ్లు ఉన్నారు, సీజన్ అయిపోయాక అదే మనిషికి ఏమీ కాదు. పెయింట్, పెట్రోల్, ఘాటు సెంటు వాసనలు కూడా కొందరికి పడవు. నా విషయంలో అసలు దొంగ పగటి నిద్ర. రాత్రి నిద్ర పాడై మధ్యాహ్నం ఒరిగితే చాలు, ఇంకో దాడి. మెదడులో నిద్ర వేళల్ని నడిపించే హైపోథాలమస్‌కి ఈ జబ్బుతో సంబంధం ఉందంటారు, గడియారం పెట్టినట్టు రావడం అందుకేనట. గురక ఉంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి, క్లస్టర్ ఉన్నవాళ్లలో అది తరచుగా కనిపిస్తుంది.

ఆవిరి_మంత్రం

ముక్కు మూసుకుపోతోందంటున్నారు, ఇది సైనసే. రోజూ ఆవిరి పట్టండి, ఒంట్లో మలినాలు పోతే తలనొప్పి కూడా పోతుంది. మా బంధువుకి అలాగే తగ్గింది.

పాత_సిలిండర్

బాబూ, ఒక్క వైపే, రోజూ ఒకే వేళకి వచ్చి గంటలో మాయమయ్యే సైనస్ నేనెక్కడా వినలేదు. ఈ పేరు చెప్పే ఎంతోమంది ముక్కు ఆపరేషన్లు చేయించుకున్నారు, బాగున్న పళ్లు పీకించుకున్నారు. ఇక మీ బంధువు సంగతి, క్లస్టర్ సీజన్ చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో దానంతటదే ముగుస్తుంది, ఆ ముగిసే ముందు ఏం చేస్తే దానికే పేరొస్తుంది.

ఆయన_పక్కన

నాది కాదు, మా ఆయనది. మీ ఇంట్లో వాళ్లకి ఇది చదివి వినిపించండి. నొప్పి వచ్చినప్పుడు "పడుకో, విశ్రాంతి తీసుకో" అనకూడదు. మైగ్రేన్ వాళ్లు చీకట్లో కదలకుండా పడుకుంటారు, వీళ్లు పడుకోలేరు. ఆయన పిడికిలి కంటికి అదిమిపట్టి మంచానికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉంటారు, కూర్చున్నా ముందుకీ వెనక్కీ ఊగుతారు. నేను ప్రశ్నలు అడగను. వాల్వ్ తాళంచెవి సిలిండర్‌కే దారంతో కట్టి ఉంచుతాను, ఆ చీకట్లో వెతుక్కోకుండా. ఐస్ ప్యాక్ చేతికందేలా పెట్టి పక్కకి తప్పుకుంటాను. చల్లదనంతో నొప్పి ఆగదు కానీ ఆయనకి కాస్త ఊపిరి తిరుగుతుంది, కొందరికి వేడే నయమట.

అడగలేక అడుగుతున్నాను, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తోందా? ఈ జబ్బులో అది చాలామందికి వస్తుంది. దాడి సమయంలో ఒంటరిగా ఉండకండి, ఆ మాట డాక్టర్‌తో సూటిగా చెప్పండి, దాచొద్దు.

నిద్రలేని_కన్ను

వస్తోందండి. ఇవాళే మా అన్నయ్యకి చెప్పాను, ఈ వారం నా గదిలోనే పడుకుంటానన్నాడు. సోమవారం డాక్టర్‌కీ చెబుతాను. నాలుక కింద మాత్ర కూడా రాశారు, ఇద్దరు డాక్టర్లకీ ఆ సంగతి చెబుతాను. ఇంట్లో పాత ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ ఉంది, అది సరిపోతుందా? మెడకి పెట్టుకునే కరెంటు పరికరం ఒకటుందని కూడా విన్నాను.

పాత_సిలిండర్

ఇళ్లలో వాడే కాన్‌సెంట్రేటర్లు మామూలుగా 5 లీటర్లవి, పెద్దవైతే 10. ఆ 12 అందదు, పైగా వచ్చేది నూటికి నూరు పాళ్ల ఆక్సిజన్ కాదు. సిలిండరే అడగండి, ఒకటి ఖాళీ అయ్యేసరికి ఇంకోటి సిద్ధంగా ఉండాలి. మెడ దగ్గర వేగస్ నరాన్ని ప్రేరేపించే పరికరానికి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది, అదీ విడతలుగా వచ్చే క్లస్టర్‌కి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి పనికిరాదు, మీ గుండె వేగం ఒకసారి పడిపోయింది కాబట్టి కార్డియాలజిస్ట్‌ని అడగకుండా ముట్టుకోకండి. తల వెనక నరం దగ్గర ఇచ్చే ఆక్సిపిటల్ బ్లాక్ గురించి కూడా అడగండి. ఇంజెక్షనే, అయినా సుమాట్రిప్టాన్‌లా రక్తనాళాల్ని బిగించేది కాదు. సోమవారం దాకా ఆగలేనంతగా ఆ ఆలోచన వస్తే అన్నయ్యని లేపి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, నొప్పి నడుస్తుంటే అక్కడే మాస్క్ పెట్టమని అడగండి.