డ్యామ్‌కి "హై హజార్డ్" అంటే కూలిపోతుందనా?

మా ఊరు డ్యామ్‌కి కిందే ఉంది. హై హజార్డ్ అన్నారు, అంటే పగుళ్లు వచ్చినట్టా? ఇంట్లో అమ్మ ఒకటే భయపడుతోంది.

— కాదండీ. హజార్డ్ అంటే తెగితే కింద ఎంత ప్రాణనష్టం అనేది, కట్ట గట్టిగా ఉన్నా కింద ఊళ్లుంటే హై అనే ఇస్తారు. కట్ట, గేట్లు, స్పిల్‌వే (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి) ఎలా ఉన్నాయో చెప్పేది కండిషన్, అది వేరే.

— రెండూ చూడాలి బ్రో. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయింది, డ్యామ్ మాత్రం నిలబడింది. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య మట్టికట్టే తెగి పులపత్తూరు, మందపల్లి మునిగిపోయాయి, చాలామంది పోయారు.

— 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి. ఆ రిపోర్టు, ఎమర్జెన్సీ ప్లాన్ ఆర్టీఐలో అడగండి, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో అమ్మకి ముందే చెప్పి ఉంచండి.