సుంకరి దగ్గర సుఖదుఃఖాలు: ఈ సామెతలో సుంకరి ఎవరు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అని మా అత్తగారు తరచూ అంటుంటారు. వినిపించుకోనివాళ్ల ముందు గోడు వెళ్లబోసుకోవడమని అర్థమవుతోంది. ఈ సుంకరి ఎవరు? పోయి పోయి ఆయనకే ఎందుకు చెప్పుకోవడం?

జవాబు: సుంకం వసూలు చేసేవాడు సుంకరి అండీ. సంస్కృతంలోని శుల్కమే ప్రాకృతం మీదుగా సుంకమై మనకొచ్చింది. మీ రెండో ప్రశ్న ఇంకా మంచిది. సుంకం ఎంతో ముందే తెలిస్తే ఎవరూ కష్టాలు చెప్పుకోరు, లెక్కపెట్టి ఇచ్చేసి బండి తోలుకుపోతారు. ఎంతన్నది వాడి నోటిమాట మీద ఉన్నప్పుడే "పంట పోయిందయ్యా, పిల్లదాని పెళ్లుందయ్యా" అని మొదలవుతుంది.

మా నాయనమ్మ ఎండుమిరపకాయల గంప నెత్తిన పెట్టుకుని సంతలకు వెళ్లేది, నేను వెనకాల. ఒక సంతలో ఆశీలు, అంటే సంత సుంకం, రేట్లు సున్నం కొట్టిన గోడ మీద నల్లరంగుతో రాసి ఉండేవి: గంపకింత, బస్తాకింత, మేకకింత. అక్కడ ఆమె కొంగుముడి విప్పి చిల్లర ఇచ్చి, చీటీ తీసుకుని గోనె పరిచేది. ఇంకో సంతలో ఏ రాతా లేదు. ఆశీలువాడు ముందు గంపలోంచి రెండు గుప్పెళ్లు కాయలు తీసుకుని, తర్వాత డబ్బడిగేవాడు. తన మోకాళ్ల నొప్పుల నుంచి తాతయ్య మందుల ఖర్చు దాకా నాయనమ్మ ఏకరువు పెట్టేది. వాడు ఇంకో గంప వైపు చూస్తూ ఉండేవాడు.

ఆ గోడ మీది రాత లాంటిదే సముద్ర వ్యాపారానికి మన తీరంలో ఒకటుంది. చినగంజాం దగ్గర మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం. అంతకుముందు రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించినవారి మీద దయతో, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వారికే వదిలేస్తున్నామంటుంది. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. కొన్ని సరుకులకు విడివిడిగా రేట్లు కూడా చెక్కించారు. ఏ దేశం ఓడవాడైనా సరే, ఆ రాయి చూపించి మాట్లాడొచ్చు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి మళ్లీ ఆ రేవులోనే వర్తకులకు హామీ శాసనం వేయించాడంటే, అభయం ఒకసారి ఇస్తే సరిపోదు, రాజు మారినప్పుడల్లా కొత్తగా చెప్పాలన్నమాట.

ప్రశ్న: బాగుందండీ. కానీ ముప్పైకి ఒకటి తీసుకుంటున్నప్పుడు మోటుపల్లిది స్వేచ్ఛా వాణిజ్యమని అనొచ్చా? సుంకమే లేకపోతే కదా స్వేచ్ఛ!

జవాబు: ఆ మాట మనల్ని అక్కడే పక్కదారి పట్టిస్తుందమ్మా. స్వేచ్ఛా వాణిజ్యానికి ప్రతీకగా అందరూ చెప్పేది ఇంగ్లండు 1846లో ధాన్యపు చట్టాలను రద్దు చేయడం. విదేశీ గోధుమలను బరువైన సుంకంతో అడ్డుకుని భూస్వాములను కాపాడిన చట్టాలవి. అవి పోయాక కూడా క్వార్టరుకు (అది అక్కడి ధాన్యం కొలత) ఒక షిల్లింగు నామమాత్రపు సుంకం 1869 దాకా ఉంది. అడ్డుకోవడానికి వేసే సుంకం వేరు, రేవు నడవడానికి వేసే సుంకం వేరు. అందుకే నాకు స్వేచ్ఛ కన్నా అభయం అన్న మాట దీనికి దగ్గరగా అనిపిస్తుంది. మోటుపల్లి రాజు తన సుంకం వదులుకోలేదు. ఓడవాడి భయం మాత్రం తీశాడు.

అలాగని ఒక్కరికే ఇచ్చే రాయితీని ఈ లెక్కలో కలపను. 1630ల్లో గోల్కొండ సుల్తాను ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీ ఏడాదికి 500 వరహాలు కట్టి మచిలీపట్నం లాంటి రేవుల్లో వ్యాపారం చేసుకుంది. అది ఆ కంపెనీకి రాసిచ్చిన కాగితం. మోటుపల్లిలో ఉన్నది వచ్చేవాళ్లందరికీ చెక్కిన రాయి.

ఇంకో సభ్యుడు: మాస్టారూ, మరి పేపర్లలో రాసే "అత్యంత అనుకూల దేశం హోదా" ఒక్కరికిచ్చే రాయితీయేనా? 2019లో పాకిస్తాన్‌కు మనం తీసేసినప్పుడు, అసలు అంత ప్రత్యేకంగా ఎందుకిచ్చామని మా ఆఫీసులో పెద్ద గొడవ.

జవాబు: ఆ అనువాదం మీద నాకు ఎప్పటినుంచో బాధ ఉంది బాబూ. మాట చూస్తే ముద్దుల అల్లుడికి వేసే పెద్దపీటలా ఉంటుంది. అర్థం దానికి పూర్తిగా ఎదురు. అందరిలో తక్కువ సుంకం ఎవరికి వేస్తున్నామో అదే నీకూ వేస్తాం అని, అంతే. 1947లో 23 దేశాలు సుంకాల మీద, వాణిజ్యం మీద కలిసి రాసుకున్న గాట్ (GATT) ఒప్పందంలో మొదటి అధికరణమే ఇది. రెండోది, ఏ సరుకు మీద ఇంతకు మించి సుంకం వేయబోమో ప్రతి దేశమూ పట్టికగా రాసి కట్టుబడడం. 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థకూ ఇవే పునాదులు. మినహాయింపులు బోలెడు ఉన్నాయి, ఇరుగుపొరుగు కలిసి చేసుకునే ఒప్పందాలు అందులో పెద్దవి. అయినా మొదటి సూత్రం మాత్రం అందరికీ ఒకే పంక్తి, ఒకే వడ్డన. "సమసుంక హోదా" అని రాసి ఉంటే మీ ఆఫీసులో సగం గొడవ ఉండేది కాదు. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే ఇక్కడే రాయండి.