ఆల్ వీల్ డ్రైవ్ బండిలో ఇంజన్ ఒక్కటే బయటికి తీయవచ్చా? (పాత ఫారెస్టర్, నల్లగొండ)

గడియారం సెంటర్ (నల్లగొండ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా మేనమామ గారు చాలా ఏళ్లు నడిపిన 2005 మోడల్ షెవ్రోలె ఫారెస్టర్ ఈ ఏడాది నా చేతికి వచ్చింది. పేరుకు షెవ్రోలె అయినా లోపల ఉన్నదంతా సుబారుదేనని, ర్యాలీలలో పేరు మోసిన ఇంప్రెజా స్పోర్ట్స్ కారుకూ దీనికీ మూలం ఒకటేనని ఈ బండ్ల మీద ఆసక్తి ఉన్నవారికి తెలిసిందే. 1994 సీసీ పెట్రోలు ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ ఎల్లవేళలా శక్తి అందించే ఏర్పాటు దీనిలో ఉన్నాయి.

రెండు జబ్బులు ఒకేసారి బయటపడ్డాయి. ఎడమ వైపు హెడ్ (సిలిండర్లను మూసే భాగం) కింది అంచు నుంచి కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) చెమర్చి, కిందికి జారి సైలెన్సర్ పైపు మీద పడి తియ్యటి వాసన వస్తున్నది. హైవే మీద నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఇంజన్ మోత పెరుగుతున్నదే తప్ప వేగం పెరగడం లేదు కనుక క్లచ్ ప్లేటు కూడా అయిపోయినట్టే. హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఇది ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి ఇంజను, గేర్‌బాక్సు, ముందు యాక్సిల్ షాఫ్టులు, వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ విప్పి ఒకే ముద్దగా దించాలని చెప్పి, బండి ధరలో సగానికి దగ్గరగా ఉన్న లెక్క చెప్పారు.

మా వీధిలో ట్రాక్టర్లు, బొలెరోలు బాగు చేసే మేస్త్రీ ఒకాయన, నేను పక్కన ఉండి సాయం చేస్తే తానే తీస్తానంటున్నారు. మా పాత గోదాములో ఇనుప గర్డరు ఉన్నది. స్నేహితుని దగ్గర బోరు మోటార్లు పైకి తీసే మూడు కాళ్ల స్టాండు కూడా ఉన్నది. గేర్‌బాక్స్ నిజంగానే దించాలా, ఆ స్టాండు పనికి వస్తుందా, ఏసీ గ్యాసు పోకుండా చేయవచ్చా అన్నవి నా సందేహాలు. ఈ బండి మీద చేయి చేసుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

పాలమూరు పానా (మహబూబ్‌నగర్) జవాబు:

తమ్ముడూ, నేను మస్కట్‌లో ఒక గ్యారేజీలో చాలాకాలం పనిచేశాను. అక్కడ మీ బండిలో ఉన్నలాంటి సుబారు ఈజే వరుస ఇంజన్లు ఎన్ని దించానో నాకే లెక్క లేదు. మీకు చెప్పిన మాట ఈ బండికి వర్తించదు. గేర్‌బాక్స్ దించనవసరం లేదు, ప్రొపెల్లర్ షాఫ్టును ముట్టుకోనవసరం లేదు, ముందు చక్రాల షాఫ్టులు కూడా ఎక్కడివక్కడే ఉంటాయి.

కారణం తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. ఈ బండిలో ఇంజన్ నిలువుగా, అంటే బండి పొడవునా కూర్చుంటుంది, దాని వెనక గేర్‌బాక్స్ ఉంటుంది. ముందు చక్రాల డిఫరెన్షియల్ (కుడి ఎడమ చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్స్ పొట్టలోనే ఉన్నది. ముందుకూ వెనక్కూ శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ కూడా దాని తోక భాగంలోనే ఉన్నది. కనుక నాలుగు చక్రాల వ్యవహారమంతా గేర్‌బాక్స్‌తోనే ముగుస్తుంది. ఇంజన్‌కు దానితో ఉన్న సంబంధం క్లచ్ ద్వారా మాత్రమే. పైగా సిలిండర్లు రెండు పక్కలకూ పడుకుని ఉండడం వల్ల ఇంజన్ పొట్టిగా ఉంటుంది కాబట్టి, రేడియేటర్ తీసేస్తే ముందుకు జరపడానికి కావలసినంత చోటు దొరుకుతుంది. అదే పడుకున్న సిలిండర్ల వల్ల హెడ్లు రెండూ ఛాసిస్ గోడలకు ఆనుకుని ఉంటాయి కనుక, బండిలోనే ఉంచి హెడ్ విప్పడం కన్నా ఇంజన్ తీసి బల్ల మీద పెట్టుకోవడమే సుఖం.

మొదట ఇంధన పంపు కనెక్టరు పీకి, ఇంజన్ దానంతట అది ఆగిపోయే దాకా నడపండి. పైపులలో ఒత్తిడి దిగిపోతుంది. తరువాత బ్యాటరీ మైనస్ వైరు తీసి, కూలెంటు, ఇంజన్ ఆయిలు వంపండి. బానెట్టు విప్పే ముందు కబ్జాల చుట్టూ మార్కరుతో గీత గీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిగ్గా కలుస్తాయి. రేడియేటర్ తీసిన వెంటనే దానికి ముందు వైపున బయటపడే ఏసీ కండెన్సర్‌కు మందపాటి అట్ట కట్టండి, ఎందుకంటే ఇంజన్ ఊగి దాని రెక్కలకు తగలడం నేను కళ్లారా చూశాను.

ఏసీ గ్యాసు గురించి భయపడవద్దు. కంప్రెసర్‌ను పైపులతో సహా బ్రాకెట్ నుంచి విప్పి పక్కన తాడుతో కట్టి ఉంచితే ఒక్క చుక్క గ్యాసు కూడా పోదు. పవర్ స్టీరింగ్ పంపుకూ అదే పద్ధతి. క్లచ్ స్లేవ్ సిలిండరును (పెడల్ తొక్కినప్పుడు క్లచ్ ఫోర్కును కదిపే చిన్న సిలిండరు) గొట్టం విప్పకుండా పక్కకు జరపండి. ఆ తరువాత ఎవరూ పొరపాటున క్లచ్ పెడల్ తొక్కకుండా దానికి ఒక గుడ్డ చుట్టి పెట్టండి, తొక్కితే పిస్టన్ బయటికి ఎగిరి వస్తుంది. టర్బో ఉన్న ఇంప్రెజాలో రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను విడదీసే బేరింగ్) లాగే పద్ధతిలో ఉంటుంది కాబట్టి ఫోర్కు పిన్ను బయటికి లాగితే గానీ ఇంజన్ విడిపోదు. మీది టర్బో లేని ఇంజన్, నెట్టే పద్ధతి, కనుక ఆ తలనొప్పి మీకు లేదు.

అసలు తలనొప్పి సైలెన్సర్ నట్ల దగ్గర ఉంటుంది. హెడ్ల కింద మానిఫోల్డు నట్లు ఇరవై ఏళ్ల వేడికి తుప్పు పట్టి స్టడ్‌తో ఒక్కటైపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి, తెల్లవారి మరోసారి కొట్టి, అప్పుడు నిదానంగా అటూ ఇటూ తిప్పుతూ వదిలించండి. ఒకే ఊపులో తిప్పితే స్టడ్ అల్యూమినియం హెడ్‌లోనే విరిగిపోతుంది, ఆ విరిగిన ముక్కకు లేత్ షాపు దాకా పోవలసి వస్తుంది.

ఇక విడదీసే ఘట్టం. కింద ఉన్న రెండు ఇంజన్ మౌంటు నట్లు, పైన గేర్‌బాక్స్ నుంచి వెనక గోడకు ఉండే పొట్టి కడ్డీ, స్టార్టర్ మోటారు తీసిన తరువాత ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే బెల్ హౌసింగ్ బోల్టులకు రండి. వాటిలో ఎక్కువ 14 నంబరు పానాకే వస్తాయి. పైన బోల్టులు, కింద స్టడ్లు ఉంటాయని గుర్తుంచుకోండి. మౌంటు కాళ్లు క్రాస్ మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం) రంధ్రాలలో దిగి ఉంటాయి కనుక మొదట గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపి ఆ కాళ్లు రంధ్రాల నుంచి బయటపడే దాకా మాత్రమే లేపాలి. తరువాత ఇంజన్ తిన్నగా ముందుకు జరగాలి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులో నుంచి పూర్తిగా బయటికి వచ్చిన తరువాతనే పైకి లేపాలి. ఇంజన్ బరువంతా ఆ షాఫ్టు మీద వేలాడితే షాఫ్టుకూ ప్లేటుకూ రెండింటికీ దెబ్బే.

మిల్లు మనిషి (మిర్యాలగూడ) జవాబు:

పైన అన్నగారు చెప్పినదానికి చేర్చవలసింది లేదు కానీ, బోరు స్టాండు విషయంలో ఒక మాట చెప్పాలి. ఆ మూడు కాళ్ల స్టాండు బోరు పైపులను నిట్టనిలువునా పైకి లాగడానికి తయారైంది. కాళ్ల మధ్య బండి ముక్కు పట్టాలంటే కాళ్లను మామూలు కన్నా ఎక్కువగా ఎడంగా జరపవలసి వస్తుంది, అప్పుడు ఎత్తు తగ్గిపోతుంది, కాళ్లు జారిపోయే ప్రమాదం పెరుగుతుంది. అన్నిటికీ మించి, ఈ పనిలో బరువు ముందుకు కదలాలి. మూడు కాళ్ల స్టాండుతో బరువు ముందుకు జరిపే వీలు లేదు.

మీ గోదాములో గర్డరు ఉన్నదన్నారు కనుక దానికి ఒక టన్ను చైన్ పుల్లీ తగిలించి, ఇంజను గాలిలో ఉండగా బండినే వెనక్కి నెట్టడం మేలు. మా రైస్ మిల్లులో మోటార్లు, రోలర్లు ఎత్తడానికి వాడే పుల్లీలు ఇలాంటివే. మీకు తెలిసిన మిల్లు వాళ్లను అడిగితే ఆదివారానికి ఇచ్చేస్తారు. గర్డరు రెండు చివరలూ గోడలో ఎంత లోపలికి దిగి ఉన్నాయో ముందు చూసుకోండి. పాత గోదాముల్లో మట్టి గోడ మీద ఊరికే ఆనించి ఉన్నవి నాకు తెలుసు. గొలుసును ఇంటేక్ మానిఫోల్డుకు గానీ పైపులకు గానీ కట్టవద్దు. ఇంజను మీద ఎత్తడానికే ఉన్న కొక్కేలకే కట్టి, ముందు గొలుసునూ వెనక గొలుసునూ విడివిడిగా పొట్టి పొడుగు చేసుకునే వీలు పెట్టుకోండి. ఒక్క క్షణమైనా సరే, వేలాడుతున్న ఇంజను కింద చేయి పెట్టకండి.

సూర్యాపేట నుంచి జవాబు:

వర్క్‌షాపు వారు మోసం చేశారని అనుకోనక్కరలేదు. వారు వేరే బండి లెక్క మీకు చెప్పి ఉంటారు. నా స్నేహితుని మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఇంజన్ దించినప్పుడు నేను రెండు రోజులు పక్కనే ఉన్నాను. దానిలో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ పక్కనే ట్రాన్స్‌ఫర్ కేసు అతికి ఉంటుంది కాబట్టి ముందు షాఫ్టులూ ప్రొపెల్లర్ షాఫ్టూ విప్పక తప్పలేదు, అన్నీ కలిపి ఒకే ముద్దగా తీశాము. ఆల్ వీల్ డ్రైవ్ అన్న ఒక్క మాటను బట్టి కాక, ఇంజను అడ్డమా నిలువా అన్నదాన్ని బట్టి పని నిర్ణయించుకోవాలి.

ఇంజను బయటికి వచ్చినప్పుడు ఏమేమి మార్చాలో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి, లేకపోతే ఆరు నెలలకు మళ్లీ ఇదే పని. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలోని చిన్న బేరింగ్ ఎలాగూ మారుస్తారు. ఫ్లైవీల్ తీసి దాని వెనక చూడండి. ఈ ఇంజన్లలో ఆయిల్ సెపరేటర్ మూత ప్లాస్టిక్‌ది ఉంటే అది వంగి ఆయిలు కార్చడం మామూలే, దాన్ని లోహపు మూతతో మార్చాలి. చాలామంది ఆ ఆయిలును చూసి వెనక సీలు పోయిందని అనుకుంటారు. టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు కూడా చేతికి అందుబాటులోనే ఉంటాయి కనుక మార్చేయండి. హెడ్లు అల్యూమినియం కాబట్టి గాస్కెటు వేసే ముందు స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి, 0.05 మిల్లీమీటర్ల ఫీలరు (సందు కొలిచే పలుచటి రేకు) ఎక్కడైనా దూరుతున్నదేమో చూసి, దూరితే మిషన్ మీద చదును చేయించండి.

షెవ్రోలె 2017 తరువాత మన దేశంలో అమ్మకాలు ఆపేసింది కనుక ఆ పేరుతో సామాన్లు వెతికితే దొరకవు. బ్లాకు మీద అచ్చు వేసిన ఇంజన్ కోడ్ రాసుకుని, సుబారు సామాను అని అడగండి.

ఇంకొక మాట, ఇది మన జిల్లా మాట. మన నల్లగొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడు గురించే మాట్లాడుతారు గానీ, రేడియేటర్‌కు శత్రువు బోరు నీళ్లలోని సున్నం. మీ మామయ్యగారు గానీ తరువాత నడిపినవారు గానీ బోరు నీళ్లు పోసి ఉంటే రేడియేటర్ గొట్టాలలో తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. గాస్కెటు మార్చి అదే రేడియేటర్ పెడితే బండి మళ్లీ వేడెక్కుతుంది. ఇకపై ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంటు మాత్రమే పోయండి.

గడియారం సెంటర్ జవాబు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మొదలుపెట్టాము, మిల్లు పుల్లీ దొరికింది. సైలెన్సర్ నట్లు ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కటి స్టడ్‌తో సహా ఊడి వచ్చింది, విరగలేదు. కానీ ఇప్పుడు చిక్కు వచ్చి పడింది. బోల్టులన్నీ తీశాము, రెండుసార్లు లెక్కపెట్టాము. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య పైన బొటనవేలు పట్టేంత సందు వచ్చింది, కింద మాత్రం మూసుకుపోయి కదలడం లేదు. మేస్త్రీ గారు టామీ (ఇనుప కడ్డీ) పెట్టి బలంగా ఎత్తుదామంటున్నారు, నేను ఆపాను.

పాలమూరు పానా జవాబు:

ఆపి మంచి పని చేశారు. పైన సందు వచ్చి కింద రాలేదంటే ఇంజను ముక్కు కిందికి వంగి ఉన్నదని అర్థం. అలా వంగినప్పుడు కింది స్టడ్లూ, రెండు వైపులా ఉండే గైడ్ పిన్నులూ బిగుసుకుపోతాయి. టామీతో ఎత్తితే ఆ అల్యూమినియం అంచు పెచ్చు లేస్తుంది, తరువాత రెండు ముఖాలూ సరిగ్గా కలవవు. ముందు గొలుసును రెండు లంకెలు పొట్టిగా చేసి ఇంజను ముక్కు లేపండి. సందు పైనా కిందా సమానం కాగానే, ఒకరు ఇంజనును పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపుతుండగా ఇంకొకరు బండిని వెనక్కి నెట్టండి. పిన్నుల దగ్గర కొంచెం తుప్పు నూనె కొట్టండి. గేరు న్యూట్రల్‌లోనే ఉన్నదా, హ్యాండ్ బ్రేకు వదిలారా అన్నది కూడా చూసుకోండి.

గడియారం సెంటర్ జవాబు:

వచ్చేసింది. మీరు చెప్పినట్టే రెండు లంకెలు పొట్టి చేయగానే సందు సమానమైంది, పదినిమిషాలలో ఇంజను గాలిలో ఉన్నది. హ్యాండ్ బ్రేకు నిజంగానే వేసి ఉన్నది, అడిగినందుకు సిగ్గుతో చెబుతున్నాను.

గేర్‌బాక్స్ ముందు భాగం కిందికి జారకుండా చెక్క దిమ్మె పెట్టి తాడుతో కట్టాము. ఫ్లైవీల్ తీసి చూస్తే సూర్యాపేట మిత్రులు చెప్పిన ప్లాస్టిక్ మూతే ఉన్నది, దాని కింది మూల తడిగా నల్లగా ఉన్నది. వెనక సీలు పొడిగా ఉన్నది. క్లచ్ ప్లేటు రివెట్లు పైకి తేలి ఫ్లైవీల్ మీద రెండు వలయాలుగా గీతలు పడ్డాయి, కనుక ఫ్లైవీల్ కూడా లేత్ షాపుకు పోతున్నది. రేడియేటర్ పై గొట్టంలో వేలు పెడితే తెల్లటి పొడి అంటింది.

హెడ్లు రేపు విప్పుతాము. బిగించేటప్పుడు క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చే పనిముట్టు కొనాలా, పాత గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే చాలా?

పాలమూరు పానా జవాబు:

షాఫ్టు ముక్క దొరికితే అదే మేలు, పళ్లు సరిగ్గా కూర్చుంటాయి. దొరకకపోతే ప్లాస్టిక్ పనిముట్టు కొనండి, దాని ధర తక్కువే. కంటితో అంచనా వేసి మాత్రం బిగించకండి. ప్లేటు కొంచెం పక్కకు ఉన్నా షాఫ్టు దూరదు, అప్పుడు బోల్టులతో లాగి కలపాలని బుద్ధి పుడుతుంది. ముఖాలు రెండూ చేత్తో నెట్టగానే కలవాలి, ఆ తరువాతే బోల్టు. కూలెంటు పోసేటప్పుడు తొందరపడకండి, పడుకున్న ఇంజన్లో గాలి నిలిచిపోతుంది. పై గొట్టం ద్వారా ముందు ఇంజను నింపి, తరువాత రేడియేటర్ నింపండి.